చిల్లుముక్కు కొంగకు ప్రసూతి సెలవు

మా జిల్లాను రెండు ముక్కలు చేసిన మరుసటి ఏడాది నేను దేవుళ్ళకు పదకొండు మొక్కులు మొక్కుకున్నాను. మామూలుగా ఏడాదికి ఐదారే. మొదటి నాలుగూ మా అమ్మాయి ప్రత్యూషకు ఉద్యోగం రావాలని, మిగతా ఏడూ వచ్చిన ఉద్యోగం ఊడకూడదని.

మా ఇల్లు కాలువ లాకుల పక్కన. మా ఆయన నీటిపారుదల శాఖలో లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. జిల్లాను విడగొట్టినవాళ్ళు మ్యాపు మీద కొత్త గీత గీసే శ్రమ పడకుండా మా కాలువనే హద్దు చేసేశారు. ఇవతల గట్టు దిగువ జిల్లా, అవతల గట్టు ఎగువ జిల్లా. మా ఇల్లు ఇవతల, మా గేదె మేసేది అవతల. అది రోజూ లాకు వంతెన మీదుగా వేరే జిల్లాకు వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేది. ఎవరైనా దాన్ని ఆపి కాగితాలు అడుగుతారేమోనని నేను గుమ్మంలో నిలబడి చూస్తుండేదాన్ని.

"కాగితాలడిగితే పేడేస్తదిలే," అనేవారు మా ఆయన. ఆయనకు దేనికీ భయం లేదు. ఇంట్లో ఇద్దరి భయమూ నేనే పడాలి.

కలెక్టరాఫీసులో కుర్చీలు, బీరువాలు, జీపులు, గుమాస్తాలు అన్నీ పంచుకోవడానికి ఏడాది పట్టింది. అంతా అయిందనుకున్నాక ఒక బీరువా అడుగు అరలోంచి లావుపాటి రిజిస్టరు బయటపడింది. 'ఉమ్మడి జిల్లా జీవజాతుల రిజిస్టరు' అని దాని పేరు. ఎప్పుడో ఎవరో బాగా చదువుకున్నవాళ్ళు జిల్లా అంతా తిరిగి, ఏ చెట్టు ఎక్కడ మొలుస్తుందో, ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో, ఏ చేప ఏ నీళ్ళలో ఈదుతుందో చూసి రాసిపెట్టారు. మొత్తం ఆరు వందల పన్నెండు జాతులు. ఉమ్మడి జిల్లా రిజిస్టర్లలో ఉన్న ప్రతి అంశాన్నీ యాభై నాలుగు, నలభై ఆరు వంతున పంచాలని పైనుంచి ఉత్తర్వు ఉంది. కొంగలూ కోతులూ రిజిస్టరులో ఉన్నాయి కాబట్టి అవీ అంశాలే. అంశాలు కాబట్టి పంచాలి.

దానికోసం 'జీవజాతుల పునర్విభజన విభాగం' అని ఒకటి పెట్టారు. మా ప్రత్యూషకు వచ్చిన ఉద్యోగం అందులోనే, క్షేత్ర సహాయకురాలిగా. రెండేళ్ళు ప్రొబేషను. రిజిస్టరులోని ప్రతి జాతీ ఏదో ఒక జిల్లాకు చేరి, చివరి పేజీలో 'మిగిలినవి: లేవు' అని రాసిన నాడు పిల్లను పర్మనెంటు చేస్తారు. ఒక్కటి మిగిలినా ఇంటికి పంపుతారు.

"ఆరు వందల పన్నెండూనా!" అన్నాను గుండె పట్టుకుని. నేను చదివింది ఏడో తరగతే. అయినా పన్నెండు మందికి వడ్డిస్తేనే ఎవరో ఒకరు మిగిలిపోతారని నాకు తెలుసు.

"చెట్లూ పురుగులూనే కదమ్మా. గొడవ పడవులే," అంది ప్రత్యూష. పిచ్చిపిల్ల.

అసలు చిక్కు ఏమిటంటే, జీవజాతులను పంచడానికి రూల్సు లేవు. ఉద్యోగులను పంచడానికి ఉన్నాయి. విభాగంవారు ఆ పుస్తకమే తీసుకుని, 'ఉద్యోగి' అని ఉన్న చోటల్లా 'జాతి' అని దిద్దారు. ఈ సంగతి అన్నం తింటూ అమ్మాయి చెబితే మా ఆయనకు ముద్ద ఆగిపోయింది.

"అంటే చింతచెట్టుకి సర్వీసు పుస్తకం ఉంటదా పండూ?"

"ఉంది నాన్నా. నేనే రాస్తన్నాను."

"ఇంక్రిమెంట్లు?"

"అదింకా తేల్లేదు."

రూల్సు ప్రకారం నాలుగేళ్ళు వరసగా ఒకే జిల్లాలో ఉన్నదే స్థానిక జాతి. ఇందులో చెట్లు సులువుగా నెగ్గాయి. తాబేళ్ళు సీనియారిటీలో ముందు నిలిచాయి. మిగతావి ఏ జిల్లా కావాలో ఆప్షను ఫారంలో రాసి సంతకం పెట్టాలి. సంతకం రాని జాతుల తరఫున గ్రామంలో పెద్దమనిషి ఒకరు సాక్షి సంతకం చేయవచ్చు. మా ఆయన బొమ్మిడాయి చేప తరఫున ఒకటి, వాలుగ చేప తరఫున ఒకటి చేశారు. రెండూ మా దిగువ జిల్లానే కోరుకున్నాయి. రేపెప్పుడైనా వాలుగ మనసు మార్చుకుంటే ఈయన్ని పోలీసులు తీసుకుపోతారేమో, దాంతో పిల్ల ఉద్యోగమూ పోతుందేమోనని నేను ఐదో మొక్కు మొక్కుకున్నాను.

రిజిస్టరు రాసిన గుమాస్తా ఎవరో మగనెమలినీ ఆడనెమలినీ వేరువేరు జాతులుగా ఎక్కించాడు. మగది ఎగువకు పోయింది, ఆడది దిగువకు వచ్చింది. 'భార్యాభర్తల కేసు' కింద ఫైలు నడిపి ఒకటి చేయడానికి మా అమ్మాయికి ఆరు వారాలు పట్టింది. సముద్రపు ఒడ్డున పెరిగే మడచెట్లు వంతుల లెక్కలో ఎగువ జిల్లాకు పడ్డాయి. ఎగువ జిల్లాకు సముద్రం లేదు. కనుక సముద్రం మంజూరు చేయవలసిందిగా వాళ్ళు పైకి ప్రతిపాదన పంపారు. దోమను ఎవరూ తీసుకోలేదు. చివరికి దోమతోపాటు కృష్ణజింకను కూడా ఇస్తామని మావాళ్ళు అంటే, కాలువలో గుర్రపు డెక్కను మీరు తీసుకుంటేనే అని వాళ్ళు పట్టుపట్టారు. ఆ పరస్పర బదిలీ జరిగిన రోజు నుంచీ మా గట్టున దోమ కుట్టినా అది అవతలి జిల్లా దోమే.

ఇంతవరకూ నేను నవ్వానో ఏడ్చానో గాని ఊరుకున్నాను. నాగుపాము దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను. అది ఎగువకు పోయింది. మర్నాడే మా ఊరి ఆరోగ్య కేంద్రంవారు పాముకాటు మందు సీసాలు వెనక్కి పంపేశారు, జిల్లాలో లేని పాముకు మందు ఎందుకని. సరిగ్గా ఆ వారంలోనే మా కట్టెల మోపు మీద అది పడగ విప్పుకుని కూర్చుంది.

నేను గడప దాటకుండా అమ్మాయికి ఫోను చేశాను. "పండూ, మన జిల్లాలో లేని పాము మన కట్టెల మీదుందే!"

"అమ్మా, నువ్వు లోపలే ఉండు. తలుపేసుకో. నాన్నేడీ?"

మా ఆయన పొడుగాటి వెదురు కర్ర పట్టుకుని, దూరంగా నిలబడి నేల మీద తడుతున్నారు. "అటెళ్ళమ్మా, అటు. నీ జిల్లా వంతెన దాటాక. మావి విషం లేని దాసరి పాములు మాత్రమే," అంటున్నారు దానితో. అది కాసేపు ఆలోచించి, గట్టు దిగి, కాలువ ఈదుకుంటూ నిజంగానే అవతలికి పోయింది. ప్రభుత్వ ఉత్తర్వు మా కళ్ళముందు అమలైంది అదొక్కటే. సీసాలు మాత్రం అమ్మాయి రెండు వారాలు తిరిగి 'పొరుగు జిల్లా అతిథుల నిమిత్తం' అని రాయించి వెనక్కి తెప్పించింది.

అలా ఒక్కొక్కటీ తేలుతూ వచ్చాయి. జూను వచ్చేసరికి ఆరు వందల పదకొండు జాతులు పంచేశారు. ఒక్కటే మిగిలింది. అది చిల్లుముక్కు కొంగ.

దాని సంగతి చెప్పాలి. ముక్కు మూసినా మధ్యలో సందు కనబడుతుంది, అందుకే ఆ పేరు. మొదటి వానలకు మా ఊరు వస్తాయి. ఇవతల గట్టున ఉన్న తుమ్మల మీద గూళ్ళు కడతాయి. అవతల గట్టు వరిచేలల్లో నత్తలు ఏరుకుని తింటాయి. పిల్లలు పెద్దవయ్యాక చలికాలం మొదట్లో వెళ్ళిపోతాయి. ఎక్కడికో మాకు తెలియదు. మా ఊళ్ళో వాటిని కొంగలనరు, పురుడికొచ్చిన ఆడపిల్లలంటారు. మొదటి గూడు కట్టిన చెట్టుకు పసుపు రాస్తాం. దీపావళికి టపాకాయలు కాల్చం. వెళ్ళే రోజుల్లో చెట్టు మొదట్లో చలిమిడి పెట్టి సాగనంపుతాం. నేను కాపురానికొచ్చిన ముప్పై ఏళ్ళలో ఇది ఎప్పుడూ తప్పలేదు.

ఇప్పుడు ఆ పక్షి కావాలని రెండు జిల్లాలూ పట్టుపట్టాయి, జిల్లా పక్షిగా బోర్డుల మీద బొమ్మ వేయించుకోవడానికి. నాలుగేళ్ళు వరసగా అది ఎక్కడా ఉండదు కాబట్టి రూలు ప్రకారం ఎక్కడా స్థానికం కాదు. మా ప్రత్యూష నెల్లాళ్ళు ఎండనకా వాననకా గట్టు మీద తిరిగి, చూసింది చూసినట్టు నివేదిక రాసింది: 'ఈ పక్షి రెండు జిల్లాలలోనూ ఉన్నది.'

మూడో రోజు మెమో వచ్చింది. మా ఆయన పైకి చదివారు.

"సదరు పక్షి ఏకకాలమున రెండు జిల్లాలలో నివసించుచున్నట్లు తాము నివేదించియున్నారు. ఒకే అంశమును రెండు రిజిస్టరులలో చూపుట తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యముగా పరిగణించబడును. ఈ నెలాఖరులోగా పక్షి స్థానికతను తిరుగులేని విధముగా నిర్ధారించనియెడల తమ ప్రొబేషను రద్దు చేయబడును."

"నిజం రాసినందుకా?" అన్నాను.

"రెండు నిజాలు రాసింది కదే. ఆఫీసులో ఒక్కటే ఉండాల," అన్నారు ఆయన.

ప్రత్యూష అన్నం కలపడం ఆపేసింది. పళ్ళెంలో వేలితో గీతలు గీసుకుంటూ కూర్చుంది. నాకు ఉద్యోగం ఊడడమే కాదు, పేపర్లో ఫోటో రావడం, బంధువులు ఓదార్చడానికి రావడం, వాళ్ళకు కాఫీలు పెట్టడం, అన్నీ వరసగా కనబడ్డాయి.

నెలాఖరున సంయుక్త తనిఖీ పెట్టారు. మా దిగువ జిల్లా ప్రత్యేకాధికారి త్రినాథరావు గారు, ఎగువ జిల్లా ప్రత్యేకాధికారిణి విమలాదేవి గారు. జిల్లా ఒకటిగా ఉన్నప్పుడు ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. మధ్యాహ్నం క్యారేజీలు మార్చుకుని తినేవారట. విడిపోయాక ఉత్తరాల ద్వారా తప్ప మాట్లాడుకోకూడదు.

ఒకరి పరిధిలోకి ఒకరు అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు కాబట్టి ఆయన ఇవతల గట్టున, ఆవిడ అవతల గట్టున నిలబడ్డారు. వంతెన నీటిపారుదల శాఖది, ఏ జిల్లాదీ కాదు. అందుకని మా అమ్మాయిని ఫైలుతో దాని మధ్యలో నిలబెట్టారు. ఎండ మాడుతోంది. పిల్లకు గొడుగు కూడా లేదు.

"నివాసము మా పరిధిలో ఉన్నది!" అని త్రినాథరావు గారు ఇవతలి నుంచి అరిచారు. "గూడు ఎచ్చటనో స్థానికత అచ్చటనే!"

"విధి నిర్వహణ మా పరిధిలో!" అని ఆవిడ అవతలి నుంచి. "విధి ఎక్కడో స్థానికత అక్కడే!"

"కొంగకు విధి ఏమిటి?"

"నత్తల నిర్మూలన! రైతాంగానికి సేవ!"

"అయితే హెడ్‌క్వార్టర్సులో నివసించకుండా రోజూ మా జిల్లానుండి రాకపోకలు సాగించుచున్నందుకు తాము దానిపై ఏమి చర్య తీసికొన్నారు?"

అవతలి గట్టున ఆవిడ ఫైలు తిరగేశారు. తరవాత "ఆ సంగతి విడిగా పరిశీలించబడును," అని వినబడింది. ఈ మాటలన్నీ మా ప్రత్యూష ఎండలో నిలబడి రాసుకుంటోంది. పైన కొంగలు ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ ముక్కున పుల్లలతో తిరుగుతున్నాయి. వాటికి పరిధులు లేవు.

నేను ఇవతల టీ ఇచ్చి, అవతలావిడకు ఇవ్వడానికి వంతెన ఎక్కాను. మధ్యలో అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి దాని మొహం వాడిపోయి ఉంది. నాకు భయం ఎంత ఎక్కువైందంటే, ఇక భయపడడానికి చోటు లేక నోరు తెరుచుకుంది.

"అయ్యా, అమ్మా, నేనొక మాటంటే కోప్పడరు కదండీ," అన్నాను. "పెళ్ళయ్యాక నా పేరు ఈ ఊరి రేషను కార్డులోనే ఉందండి. పురుడికి మా పుట్టింటికెళ్ళి ఆర్నెల్లున్నాను. అక్కడా ఉన్నావు, ఇక్కడా ఉన్నావని నాకెవరూ మెమో ఇవ్వలేదండి. ఇయ్యీ అంతేనండి. పురుడికొచ్చిన పిల్లల్ని మీది ఏ జిల్లా అని ఎవరన్నా అడుగుతారాండీ?"

త్రినాథరావు గారు నోటి దాకా ఎత్తిన గ్లాసు దించేశారు. పిల్ల ఉద్యోగం నేనే ఊడగొట్టేశానని అనుకున్నాను.

"ప్రసూతి సెలవు!" అన్నారు విమలాదేవి గారు నెమ్మదిగా.

"నూట ఎనభై దినములు!" అన్నారు త్రినాథరావు గారు. "జూను నుండి డిసెంబరు! సరిగ్గా సరిపోవుచున్నది!"

ఆ సంతోషంలో ఇద్దరూ తమ పరిధులు మరచిపోయి వంతెన మధ్యకు నడిచి వచ్చేశారు. టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. ఒకటి, చిల్లుముక్కు కొంగ ఎగువ జిల్లాకు చెందిన జాతి. రెండు, ఏటా నూట ఎనభై రోజులు ప్రసూతి సెలవుపై దిగువ జిల్లాలోని పుట్టింట ఉండును. మూడు, త్రినాథరావు గారు ఒట్టి చేతులతో వెళ్ళకూడదు కదా, ఆయన కోరిక మీద చేర్చారు: పురుడు జరిగిన చోటే పుట్టిన పిల్లకు స్వస్థలము.

"మంగతాయారు గారూ, తమ సూచనను పేరుతో సహా ఉదహరించుచున్నాము," అన్నారాయన నాతో. మా ఆయన లాకు దగ్గర నుంచే మీసం తిప్పారు. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా జీవితంలో అంత గొప్ప రోజు లేదు. అందుకే భయపడాల్సింది.

సెలవన్నాక సెలవు రూల్సుంటాయి. మగకొంగలకు పదిహేను రోజులే అన్నారు. ఏది మగో ఏది ఆడో చూస్తే తెలియదని మా అమ్మాయి రాస్తే, 'గుర్తింపు సాధ్యము కానందున అన్నింటినీ ఆడవిగా భావించవలెను' అని జవాబు వచ్చింది. అది దాటాం. సెప్టెంబరులో అసలుది వచ్చింది. ప్రసూతి సెలవు ఇద్దరు పిల్లల వరకే. మా తుమ్మల మీద గూటికి మూడు, నాలుగు పిల్లలున్నాయి.

"మూడో పిల్లని ఏం చేయమంటారే?" అన్నాను.

"తొలగించి నివేదించమన్నారు." ప్రత్యూష చెట్ల వైపే చూస్తూ చెప్పింది.

ఆ రోజంతా అది అన్నం తినలేదు. చెట్ల కింద కూర్చుని, రూల్సు పుస్తకం మూడుసార్లు తిరగేసి, నాలుగో అంశం తనే రాసి పంపింది: 'రెక్కలు రాని పిల్ల, ఎన్నవదైనను, తల్లి ఉన్న చోటనే ఉన్నట్లు భావించవలెను. ఎగరగలదని తల్లి ధ్రువీకరించు వరకు అట్టి పిల్లను ఏ ఉత్తర్వు ద్వారానూ కదల్చరాదు.' మళ్ళీ మెమో వస్తుందని నేను తొమ్మిదో మొక్కు మొక్కాను. రాలేదు. భాష బాగుందని ఇద్దరు అధికారులూ సంతకం పెట్టేశారు. మా చెట్ల మీద ఒక్క పిల్లనూ ఎవరూ ముట్టుకోలేదు.

డిసెంబరులో సెలవు అయిపోయిన రోజు పొద్దున్నే విమలాదేవి గారు అవతల గట్టున కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, కొంగలు విధుల్లో చేరినట్టు రాసుకోవడానికి. మేం ఆడవాళ్ళం ఇవతల చెట్ల మొదట్లో చలిమిడి పెట్టాం. ఎండ ఎక్కగానే కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. పిల్లలు కూడా. రెండు చుట్లు తిరిగి, కాలువ దాటి, విమలాదేవి గారి నెత్తి మీదుగా పోయి, పోయి, చుక్కలై, కనబడకుండా పోయాయి. ఆవిడ తొణకలేదు. 'ఉదయం 7.40కి విధులలో చేరినవి. 7.46కి దీర్ఘకాలిక సెలవుపై వెళ్ళినవి' అని రాసి సంతకం చేశారు.

ఆ సాయంత్రమే చివరి పేజీలో 'మిగిలినవి: లేవు' పడింది. అమ్మాయి పర్మనెంటయింది. నేను నాలుగు మొక్కులు తీర్చేసి, ఐదోదానికి కొబ్బరికాయలు కొంటుండగా మా ఆయన కవరు పట్టుకొచ్చారు.

పంపకం పూర్తయింది కాబట్టి పంచినవాళ్ళను కూడా పంచాలట. పర్మనెంటు ఉద్యోగి కనుక ప్రత్యూష స్థానికత తేల్చారు. రూలు ప్రకారం ఐదు నుంచి పది తరగతుల్లో నాలుగేళ్ళు వరసగా ఒకే జిల్లాలో చదవాలి. మా పిల్ల ఐదు, ఆరు, ఏడు ఇవతలి బడిలో చదివింది. ఆ బడి బావికి గోడ లేదని నేను భయపడి ఎనిమిది నుంచి పది అవతలి బడిలో వేశాను. ఎక్కడా నాలుగేళ్ళు లేవు. ఇలాంటి చిక్కు కేసు విభాగంలో ఇంతకుముందు ఒక్కటే వచ్చింది. కనుక దాన్నే అనుసరించారు: 'చిల్లుముక్కు కొంగ ఉత్తర్వు, అంశము మూడు ప్రకారము, పురుడు జరిగిన చోటే పిల్లకు స్వస్థలము. ఈమె తల్లి మంగతాయారు గారు పురుడికి పుట్టింటికి వెళ్ళినట్లు అధికారుల సమక్షమున స్వయముగా వాంగ్మూలమిచ్చియున్నారు.'

మా పుట్టిల్లు కొండల పక్క జిల్లాలో. ఇక్కడికి మూడు బస్సులు, ఒక రైలు. అమ్మా నాన్నా పోయాక అక్కడ మాకెవరూ లేరు. వారంలో వెళ్ళి చేరకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే.

"నీ నోటితో తెచ్చావు," అన్నారు మా ఆయన. అని, నా మొహం చూసి, "పోన్లే, నువ్వు మాటాడకపోతే అప్పుడే పోయేది," అన్నారు.

"వెళ్తాలే అమ్మా," అంది ప్రత్యూష. "ఏదో ఒక గది దొరక్కపోదు." అంటూనే బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చింది.

ఆ రెండు రోజులూ నేను కొంగ ఉత్తర్వు ముందు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. అర్జీలు రాసే చదువు నాకు లేదు. కాని నాలుగో అంశం దగ్గరికి వచ్చేసరికి అది నా కడుపున పుట్టిన పిల్ల రాసిందని గుర్తొచ్చింది. తెల్లకాగితాలు తీసుకుని కూర్చున్నాను. మా అమ్మాయికి ఇంకా రెక్కలు రాలేదని, తల్లిగా ధ్రువీకరిస్తున్నానని మొదలుపెట్టి, రుజువులు రాశాను. నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతుంది. బస్సులో ఎవరినీ జరగమని అడగదు, ఊరొచ్చేదాకా నిలబడే పోతుంది. నాలుగు గొడుగులు పోగొట్టింది. జ్వరమొస్తే చెప్పదు, చెయ్యి పట్టుకుని చూడాలి. తోటకూర కొనమంటే ఏది ముదురో ఏది లేతో తెలియదు. తడిసిన చెప్పులతోనే తిరుగుతుంది. ఎదుటివాళ్ళు ఏడిస్తే తనూ ఏడుస్తుంది. చూసింది చూసినట్టు రాస్తుంది. ఇరవై నాలుగేళ్ళుగా నేను పడ్డ భయాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పదకొండు పేజీలైంది. ఎందుకూ పనికిరావనుకున్న భయాలు!

త్రినాథరావు గారు కళ్ళజోడు సర్దుకుని అంతా చదివారు. మధ్యలో ఒకసారి ఆపి, "నాలుగు గొడుగులా?" అన్నారు.

"ఆయ్. నాలుగోది మొన్న దసరాకే కొన్నానండి."

"నా ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసులో ఇంత సమగ్రమైన సాక్ష్యము చూడలేదు," అన్నారాయన. వారం లోపే ఉత్తర్వు వచ్చింది: 'సదరు ఉద్యోగినికి ఇంకను రెక్కలు రానట్లు తల్లి సహేతుకముగా నిరూపించినందున, అంశము నాలుగు ప్రకారము ఆమెను తల్లి ఉన్న జిల్లాలోనే కొనసాగించవలెను. ప్రతి సంవత్సరము జూను మాసమున తల్లి స్వయముగా హాజరై ఈ విషయమును తిరిగి ధ్రువీకరించవలెను.'

అది చూసి ప్రత్యూష వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆఫీసులో అందరూ దాన్ని కొంగపిల్ల అంటున్నారట. తరవాత మాట్లాడింది. మొదటి జీతాలు కూడబెట్టుకుని స్కూటీ కొనుక్కుంది. దానికి పదమూడో మొక్కు.

మొన్న జూనులో నా మొదటి హాజరు. ఆఫీసు ముప్పై కిలోమీటర్లు. బస్సులో పోదామన్నాను. "బస్సులో నిలబడే పోవాల్సొస్తది కదా నాకు, పదకొండో పేజీలో రాశావుగా," అని నన్ను స్కూటీ ఎక్కించి, నెత్తిన హెల్మెట్టు బిగించింది. గట్టు రోడ్డు మీద మొదటి వాన చినుకులు. పైన చిల్లుముక్కు కొంగలు తుమ్మల వైపు పోతున్నాయి. కిందటేడు పిల్లలు కూడా వాటిలో ఉన్నాయేమో మరి.

"చిన్నగా పోనియ్యవే! లారీ వస్తంది!"

"నేను చూశానమ్మా. నువ్వు కళ్ళు తెరువు."

నేను తెరవలేదు. దాని నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాను. లారీని దాటిందో, లారీయే దాటిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఆఫీసు ముందున్నాం.

త్రినాథరావు గారు ఫారం ముందుకు తోశారు. 'కుమార్తెకు ఇంకను రెక్కలు రాలేదని ధ్రువీకరించుచున్నాను' అన్నచోట సంతకం పెట్టాను. కింద ఇంకో గడి ఉంది: 'తల్లి కార్యాలయమునకు చేరిన విధము.' నాకు చెయ్యి ఆగిపోయింది. కిటికీ బయట మా ప్రత్యూష స్కూటీకి స్టాండు వేసి, గొడుగు విప్పి, ఎవరో ముసలాయన్ని మెట్ల దాకా దాటిస్తోంది. ఐదో గొడుగు. ఇంకా పోలేదు.

గవర్నమెంటుకు నేను అప్పటిదాకా అబద్ధం చెప్పలేదు. ఆ గడిలో 'నడిచి' అని రాశాను.

ఆయన ఫారం చూశారు. కిటికీ చూశారు. నన్ను చూశారు. సిరా దిమ్మె మీద ముద్రను నెమ్మదిగా అద్ది, కాగితం మీద కొట్టారు.

"నడిచే వచ్చారు కదా," అన్నారు. "ఇకనైనా ఆ హెల్మెట్టు తీసేయండమ్మా."